పట్టీలు పక్కపక్కన పెట్టి చూద్దాం

పోయిన సీజనులో ఒక మధ్యాహ్నం మా మండలంలో ఒక రైతు కల్లం దగ్గర కూర్చున్నాం. మిర్చి టిక్కీలకు కుట్లు వేస్తున్నారు. ఆయన చేతిలో ఫోను ఉంది. గుంటూరు యార్డులో ఆ రోజు తేజ ఎంత పలికింది, 334 ఎంత పలికింది, తాలు కాయ ఎంత అన్నీ పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చేశాయి. నాలుగు గ్రూపుల్లో నాలుగుసార్లు వచ్చాయి. "ఈ రేటు నీకు వస్తుందా?" అని అడిగాను. ఆయన నవ్వాడు. "రేటు తెలుసన్నా. తెలిసి ఏం చేసేది? జూన్‌లో నాకు డబ్బులిచ్చింది వాట్సాప్ కాదుగా. మా కొట్టాయన ఇచ్చాడు. సరుకు ఆయన దగ్గరికే పోవాలి."

రైతుకు సమాచారం లేక మోసపోతున్నాడని ఇరవై ఏళ్లుగా వింటున్నాం. ధర తెలిస్తే చాలు, ఎక్కడ ఎక్కువొస్తే అక్కడ అమ్ముకుంటాడని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. 2016లో ఈ-నామ్ వచ్చినప్పుడూ ఇదే మాట చెప్పారు. ఇప్పుడు సమాచారానికి కొదవ లేదు. అయినా సరుకు ఏ కొట్టుకు పోవాలో విత్తనం వేసేనాటికే తేలిపోయి ఉంటుంది. అమ్మకం మార్చిలో జరుగుతుందని మనం అనుకుంటాం గానీ, అది నిజంగా జరిగేది జూన్‌లోనే.

దీన్ని కేవలం దోపిడీ అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే మన రైతే మన మాట నమ్మడు. సంఘం వేదిక మీద ఆ కొట్టు యజమానిని దళారీ అంటాం. రైతు ఆయన్ని బాబాయ్ అంటాడు. ఆ పిలుపు వెనక కారణాలున్నాయి. రైతు కూతురి పెళ్లికి కొట్టాయన వచ్చి భోజనం చేసి, కట్నం చదివించి వెళ్తాడు. రాత్రి పదకొండు గంటలకు ఇంట్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఫోను చేయగలిగింది ఆయనకే. బ్యాంకుకు వెళ్తే పాస్‌బుక్, అడంగల్, నో డ్యూస్, ఆపైన హామీదారు కావాలి. కొట్టాయన అడిగేది ఒక్కటే, నువ్వు ఎవరి అబ్బాయివి అని. నూటికి రెండు రూపాయల వడ్డీ ఎక్కువని రైతుకు తెలియదా? తెలుసు. అడిగిన రోజున దొరికే డబ్బుకు, కాళ్లరిగేలా తిరిగినా దొరకని డబ్బుకు ఉన్న తేడాకి ఆయన కడుతున్న ధర అది.

2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ రౌండు లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. తెలంగాణలో 91.7 శాతం కుటుంబాలకు అప్పుంది, సగటు 1,52,113 రూపాయలు. దేశం మొత్తం మీద చూస్తే అప్పున్న కుటుంబాలు సగమే, సగటు 74,121. ఇందులో బ్యాంకు అప్పులూ ఉన్నాయి, నిజమే. కానీ చేతిలో భూమి తగ్గేకొద్దీ బ్యాంకు వాటా తగ్గి ప్రైవేటు అప్పు వాటా పెరుగుతుందని ఆ సర్వేనే చూపించింది. భూమి కాగితం లేనివాడికి మిగిలేది మనిషి పరిచయమే.

ఫోన్లు మార్కెట్లను మార్చవని కూడా నేను అనను. కేరళ ఉత్తర తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు కవ్వలు పట్టే జాలర్ల మీద రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనం ప్రసిద్ధమైంది. సముద్రంలో ఉండగానే ఏ రేవులో ధర బాగుందో కనుక్కుని జాలర్లు అటు పడవ తిప్పారు. రేవుకూ రేవుకూ మధ్య ధరల తేడా తగ్గింది, కొనేవాడు లేక చేపలు పారబోయడం ఆగిపోయింది. 2007లో ఇది అచ్చయ్యాక ఫోన్లు, యాప్‌ల గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ దీన్నే చూపించారు. ఆ మరుసటి ఏడాదే థామస్ మొలోనీ టాంజానియాలో టమాటా, బంగాళదుంప రైతుల గురించి రాసింది మాత్రం అంతగా ఎవరూ చదవలేదు. అక్కడి రైతుల చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి, ధరలూ తెలుస్తున్నాయి. కానీ పెట్టుబడి అప్పు ఇచ్చేది సరుకు కొనే వ్యాపారే కాబట్టి, ఆయన చెప్పిన ధర కాదని ఇంకొకరికి అమ్మే వీలు లేదు. మన కల్లం దగ్గర రైతు చెప్పింది ఇదే గదా!

మరి ఈ సంబంధాల అల్లిక ఎలా ఉందో ఒకసారి చూడండి. ఒక కొట్టుకు చుట్టుపక్కల పది పదిహేను ఊళ్ల నుంచి రైతులు వస్తారు. ఊళ్లో ఆయన మనిషి ఒకడు ఉంటాడు, ఎవరి చేలో కాపు ఎలా ఉందో చెబుతాడు. పురుగుమందుల షాపువాడు ఆయనకు తెలిసినవాడే. లారీ ఆయనే మాట్లాడతాడు. యార్డులో కొనేవాళ్లూ ఆయనకు రోజూ కనిపించేవాళ్లే. రైతులందరికీ ఆయన తెలుసు. కానీ ఆ రైతులకు ఒకరికొకరు తెలియదు. బండి చక్రంలో ఆకులన్నీ మధ్య దిమ్మకు బిగించి ఉన్నట్టు ఉంటుంది ఇది. మూడొందల మంది రైతుల పట్టీలు ఆయన దగ్గర ఉంటాయి. రైతు దగ్గర ఉండేది తన పట్టీ ఒక్కటే. కమీషను, హమాలీ, కాటా, సంచి తరుగు, మచ్చు, పాత బాకీ, వడ్డీ అన్నీ పోను చేతికి ఇంత అని రాసి ఉంటుంది. పక్క ఊరి రైతుకు అదే రోజు అదే రకానికి ఎంత రాశారో ఇతనికి తెలిసే దారి లేదు. వాట్సాప్‌లో వచ్చేది యార్డు ధర. ఎవరి చేతికి ఎంత వచ్చిందన్నది ఏ గ్రూపులోనూ రాదు.

2021లో కొత్త రకం నల్లతామర పురుగు మిర్చి మీద పడ్డప్పుడు ఇదే అల్లిక ఇంకో రూపంలో కనిపించింది. పూతలో దూరి తినేస్తోంది, ఏ మందుకూ లొంగడం లేదు. శాస్త్రవేత్తల సలహా ఊళ్లోకి చేరేలోపు షాపువాడి సలహా చేరింది. వారానికి రెండు మందులు, మూడు మందులు కలిపి కొట్టారు. మందు అప్పుగా ఇచ్చేవాడే మందు గురించి సలహా కూడా ఇస్తున్నప్పుడు కొట్టొద్దని చెప్పేదెవరు? 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులకు లద్దెపురుగు విషయంలో జరిగిందీ ఈ దారినే. ఇప్పటికి పాతికేళ్లు దాటింది.

ఇక కౌలు రైతు సంగతి. అసలు బాధ ఇక్కడ ఉంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారుల చట్టం వచ్చింది. రుణ అర్హత కార్డులు ఇచ్చారు. ఆ చట్టంలో లోపాలు చాలా ఉన్నాయి, బ్యాంకులు ఆ కార్డును చాలాచోట్ల లెక్కచేయనే లేదు. కానీ ఒక మంచి ఉంది. కౌలుదారు దరఖాస్తు పెడితే గ్రామంలో విచారించి, అభ్యంతరాలుంటే విని, కార్డు ఇవ్వాలి. అంటే ఫలానా చేను ఎవరు దున్నుతున్నారో ఊరికి తెలుసు, ఆ తెలిసినదే సాక్ష్యం అన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. 11 నెలల ఒప్పందం, దాని మీద భూ యజమాని సంతకం. సంతకం ఉంటేనే కార్డు. దీంతో ఊరి సాక్ష్యానికి విలువ పోయి, అంతా ఒక మనిషి దయ మీదకు వచ్చింది. ఆ మనిషి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటాడు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయం. ఆ భయం అర్థం లేనిదని ఎంత చెప్పినా పోదు. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది చేను ఇంకొకరికి పోతుంది. కాబట్టి కౌలుదారు అడగడు. అడగనివాడికి కార్డు లేదు, కార్డు లేనివాడికి పంట రుణం రాదు, చివరికి పోయేది మళ్లీ కొట్టు దగ్గరికే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు అయితే కౌలు రైతును మొదటే పక్కన పెట్టింది. డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది.

2025 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు తాకట్టు లేని పంట రుణాల పరిమితిని 1,60,000 నుంచి 2,00,000కు పెంచింది. మంచిదే. పేరు మీద కాగితం ఉన్నవాళ్లకు.

పరిచయాల మీద నడిచే ఈ లోకంలో ఆడవాళ్ల స్థానం ఏమిటో ఒక్క సంగతి చెబుతాను. మా పక్క ఊళ్లో ఒక కౌలు రైతు చనిపోయాడు. పెద్దకర్మకు కొట్టు నుంచి మనిషి వచ్చాడు. మర్యాదగానే వచ్చాడు, భోజనం చేశాడు, వెళ్లేటప్పుడు బాకీ ఎంతో భార్యకు చెప్పాడు. ఆమె కాదనలేదు. ఆ ఏడాది ఉన్న పంట అమ్మి చాలావరకు తీర్చింది. భర్త బతికుండగా కూడా కాయ కోతలు, కూలీల లెక్క, గ్రేడింగు అన్నీ చూసుకున్నది ఆమే. మళ్లీ జూన్ వచ్చేసరికి పెట్టుబడికి అదే కొట్టుకు వెళ్లింది. "మీ మరిదిని పంపమ్మా, మాట్లాడదాం" అన్నారు. భూమి ఆసామి ఆ చేను అప్పటికే వేరేవాళ్లకు మాట్లాడేశాడు. ఆమె భర్త పాతికేళ్లలో సంపాదించుకున్న నమ్మకం ఉందే, అది ఆయనతోనే పోయింది. అప్పు మాత్రం పోలేదు. ఇప్పుడు ఆమె అదే చేలో కూలికి వెళ్తోంది. మా సంఘంలో కూడా ఆమె పేరు లేదు, సభ్యత్వం భర్త పేరు మీద ఉండేది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

సంబంధాలు ఉంటే చాలు, ఐకమత్యం ఉంటే చాలు అని మన వాళ్లు ఉపన్యాసాల్లో అంటుంటారు. నాకు ఆ నమ్మకం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ కదలికలోంచే జిల్లాలో పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. ఒకరి కష్టం ఒకరికి తెలిసిన పదిహేను మంది కలిసి రూపాయి రూపాయి దాచుకున్నారు. తర్వాత పదిహేనేళ్లకు మైక్రోఫైనాన్సు కంపెనీలు వచ్చి అదే పరిచయాన్ని తాడులా వాడుకున్నాయి. ఒకామె వారం కిస్తీ కట్టకపోతే మిగతా వాళ్లు ఆమె వాకిట్లో కూర్చోవాలి. ఇరుగుపొరుగే వసూలు మనుషులయ్యారు. ఆత్మహత్యలు జరిగాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. కౌలు రైతులకు నాబార్డు పెట్టిన ఉమ్మడి బాధ్యత గ్రూపుల్లోనూ ఈ ప్రమాదం ఉంది. నలుగురి నుంచి పది మంది దాకా కలిసి ఒకరికొకరు పూచీ పడాలి. వాన కురవని ఏడాది అందరి చేలూ ఒకేసారి ఎండుతాయి. అప్పుడు ఎవరు ఎవరికి పూచీ?

అదీగాక మన చుట్టరికాలు మన కులంలోనే, మన వీధిలోనే తిరుగుతాయి. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక మాట చెప్పాడు. దగ్గరివాళ్లకు తెలిసిందే మనకూ తెలుసు, కొత్త కబురు వచ్చేది ముఖపరిచయం ఉన్న దూరపువాళ్ల నుంచి అని. ఉద్యోగాలు ఎలా దొరికాయో అడిగి తెలుసుకున్న విషయం ఇది. మన ఊళ్లో చూసినా అంతే. పెద్ద రైతుకు బ్యాంకు మేనేజరు, కొట్టు యజమాని, తహసీల్దారు ఆఫీసులో గుమాస్తా, ఎంతోకొంత పరిచయం ఉంటారు. కౌలు రైతుకు తెలిసింది తనలాంటి ఇంకో పదిమంది కౌలు రైతులే. కష్టానికి చేబదులు ఇచ్చేదీ వాళ్లే. ఆ చేబదులు విలువైనదే గానీ దాంతో ఎకరానికి లక్షకు పైగా పెట్టుబడి పుట్టదు.

మూడేళ్ల కిందట మేం ఒక ప్రయత్నం చేసి దెబ్బతిన్నాం. పదకొండు మంది రైతులను కలిపి సరుకంతా ఒకేచోట చేర్చి నేరుగా ఎగుమతి వ్యాపారికి అమ్మిద్దామనుకున్నాం. వ్యాపారి దొరికాడు, ధర కూడా బాగుంది. తీరా లారీ వచ్చే రోజుకు నలుగురే మిగిలారు. మిగతా ఏడుగురూ మాట తప్పారని మాలో కొందరు కోప్పడ్డారు. వాళ్లు మాట తప్పలేదు. అంతకుముందు ఇచ్చిన ఇంకో మాట నిలబెట్టుకున్నారు. వాళ్ల అప్పు తీర్చే దారి చూపించకుండా సరుకు మాకిమ్మని అడగడం మా తెలివితక్కువతనం.

కొట్టు ఎందుకు గెలుస్తుందో ఆ రోజు అర్థమైంది. పెట్టుబడి, ఎరువులు మందులు, అమ్మకం, ఆపదకు ఆదుకోవడం, ఈ నాలుగూ ఒకే గుమ్మం దగ్గర దొరుకుతాయి. మనం చూపించే ప్రత్యామ్నాయాలు నాలుగు ఊళ్లలో ఉన్నాయి. రుణానికి బ్యాంకు, ఎరువుకు రైతు సేవా కేంద్రం, అమ్మకానికి ఈ-నామ్, ఆపదకు ఎవరూ లేరు. 2020లో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెడతానని పథకం తెచ్చింది. మా ప్రాంతంలో నేను చూసినవి చాలావరకు ఎరువులమ్మే షాపులుగా మిగిలాయి. పంట పెట్టుబడి ఇవ్వలేని సంఘం పంటను తన దగ్గరికి రప్పించుకోలేదు.

ఇది జరగని పని కాదు. అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది. అప్పు అక్కడే, విత్తనం ఎరువు అక్కడే, విత్తన వడ్లు కొనేదీ అక్కడే. అప్పు ఇచ్చేవాడికే సరుకు అమ్మడం అక్కడా ఉంది. కాకపోతే ఆ అప్పు ఇచ్చేది తమ సొంత సంఘం, లెక్క సభ్యుల ముందు పెడతారు. ముల్కనూరు లాంటిది ప్రతి మండలంలో రేపే పుడుతుందని నేను చెప్పను. దానికి దశాబ్దాలు పట్టింది, నమ్మకస్తులైన మనుషులు కావలసి వచ్చింది. మన ప్రాథమిక సహకార సంఘాలను రాజకీయ పదవుల పంపకానికి వాడుకున్నన్నాళ్లూ ఆ దారి మూసుకునే ఉంటుంది.

అప్పటిదాకా చేయగలిగినవి రెండున్నాయి. ఒకటి చట్టం మీద పోరాటం. యజమాని సంతకం నిబంధన తీసేయాలి. గట్టు పక్క రైతులు నలుగురు వచ్చి ఫలానా చేను ఫలానా మనిషే సాగు చేస్తోందని గ్రామసభలో చెబితే అది చాలాలి. ఈ-పంట నమోదును దానికి జతచేయాలి. పట్టాదారు హక్కుకు దీనితో సంబంధం లేదని కార్డు మీదే పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలి. ఆ సాక్ష్యం చెప్పే నలుగురిని సమకూర్చడం గ్రామ శాఖల పని. ఇందులో ఇబ్బంది కూడా మనలోనే ఉంది, మన శాఖల నాయకుల్లో చాలామంది భూమి కౌలుకిచ్చే ఆసాములే. ఈ సంగతి సంఘం మహాసభల్లో దాటవేస్తూ వస్తున్నాం. ఇక దాటవేయకూడదు.

రెండోది పట్టీలు. పోయిన సీజను చివర్లో మా గ్రామ శాఖ ఆఫీసులో ఒక సాయంత్రం పద్నాలుగు పట్టీలు బల్ల మీద పరిచాం. ఒకే వారం, ఒకే రకం. సరుకు నాణ్యతను బట్టి ధరలో తేడా ఉండటం సహజం, దాని గురించి మాట్లాడలేదు. కోతలు చూశాం. సంచి తరుగు ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఉంది. మచ్చు కింద తీసిన కాయకు కొన్నింట్లో లెక్క ఉంది, కొన్నింట్లో లేదు. వడ్డీని ఒక కొట్టు సరుకు దిగిన రోజు దాకా, మరో కొట్టు డబ్బు చేతికిచ్చిన రోజు దాకా కట్టింది. ఎవరూ కేకలు వేయలేదు. మర్నాడు ఇద్దరు రైతులు తమ కొట్టుకు వెళ్లి, "బాబాయ్, పక్క ఊరాయనకు ఇలా రాశారంట" అని అడిగారు. ఒకరికి తరుగు సరిచేశారు. రెండో ఆయనకు "వచ్చే ఏడాది చూద్దాంలే" అన్నారు. రెండో ఆయన ఇంకా అదే కొట్టుకు వెళ్తాడు, నాకు తెలుసు. కానీ ఈసారి అప్పు తీసుకునేటప్పుడు వడ్డీ ఏ రోజు దాకా అని ముందే అడుగుతానన్నాడు.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి కేంద్రం జోక్యపు పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించినప్పుడు, ఎవరికి నిజంగా ఎంత ముట్టిందో చూపించే కాగితాలు మన దగ్గర లేకపోయాయి. ధర్నాలో నినాదాలిచ్చాం గానీ అధికారి ముందు పెట్టడానికి ఒక కట్ట పట్టీలు లేవు.

అందుకే అన్ని గ్రామ శాఖలకూ ఒక విజ్ఞప్తి. ఈ సీజనులో అమ్మిన ప్రతి రైతు పట్టీ, ముఖ్యంగా కౌలుదారులవి, నకలు తీసి మండల ఆఫీసుకు చేర్చండి. పేరు, కొట్టు పేరు కనపడకూడదనుకుంటే చెరిపేసి పంపండి. తేదీ, రకం, బస్తాలు, కోతలు కనిపిస్తే చాలు. భర్త లేని ఇళ్లలో పట్టీ ఎవరి పేరు మీద వచ్చిందో కూడా రాయండి, ఆ ఇంటి మహిళకు ఈ నెలలోనే సభ్యత్వం రాయించండి. పట్టీ పోయిందంటే కొట్టులో అడిగితే నకలు ఇస్తారు. ఇవ్వమంటే ఆ మాట కూడా కాగితం మీద రాసి పంపండి.